కంప్యూటర్ పరీక్షలో కులం లెక్క

నవంబరు చివరి ఆదివారం దగ్గర పడుతుందంటే విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఒక విధమైన ఆందోళన మొదలవుతుంది. ఐఐఎంలలో ప్రవేశానికి జరిపే క్యాట్ సాధారణంగా ఆ రోజే ఉంటుంది. 2024లో ఈ పరీక్షకు 3.29 లక్షల మంది నమోదు చేసుకోగా 2.93 లక్షల మంది రాశారు. పరీక్ష ముగిసిన మర్నాడు పత్రికల్లో ఏ విభాగం కఠినం, ఏది సులభం అన్న చర్చే నడుస్తుంది. పరీక్ష రాసిన యంత్రం ఎలా పనిచేసింది, అది మొరాయించినప్పుడు ఎవరు నష్టపోయారు అన్న ప్రశ్న ఎవరికీ పట్టదు. మేనేజ్‌మెంట్ విభాగంలో పాఠాలు చెప్పే అధ్యాపకుడిగా ఆ ప్రశ్న నన్ను కొన్నేళ్లుగా వెంటాడుతూనే ఉంది.

అందుకు కారణం నా విద్యార్థిని ఒకరు. పాలమూరు జిల్లా మాదిగ కుటుంబం. తల్లిదండ్రులు ఇళ్ల నిర్మాణ కూలీలుగా వలస పోతే సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుంది. ఒక బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్ష కోసం ఏడాది పాటు లైబ్రరీనే ఇల్లు చేసుకుంది. పరీక్షా కేంద్రం నగర శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాల. గణిత విభాగం మధ్యలో తెర కదలకుండా ఆగిపోయింది. పర్యవేక్షకుడు సాంకేతిక సిబ్బందిని పిలిచాడు. వారు కాసేపు ఏవేవో ప్రయత్నాలు చేసి ఆమెను వేరే కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆమె ఫిర్యాదుకు వారం తర్వాత ఒక వాక్యం జవాబుగా వచ్చింది. తమ రికార్డుల ప్రకారం ఆమెకు పూర్తి సమయం లభించిందని.

రికార్డు అబద్ధం కాకపోవచ్చు. గడియారాన్ని ఆగిన చోటు నుంచే మళ్లీ నడిపించి ఉండవచ్చు. కానీ చెదిరిన ఏకాగ్రతను, వణికిన చేతిని ఏ సర్వర్ నమోదు చేస్తుంది? అదే గదిలో మరో యువకుడికీ ఇదే ఇబ్బంది ఎదురైందట. అతడు ఆ సీజన్‌లో ఇంకో మూడు పరీక్షలకు ఫీజు కట్టి ఉన్నాడు. ఈమె ఒక్కదానికే కట్టగలిగింది. వచ్చే ఏడాది మళ్లీ రాయమ్మా అన్నాను. "ఏడాది ఆగే ఇల్లు కాదు సార్ మాది" అంది. ఇప్పుడు ఒక చిన్న సంస్థలో లెక్కలు రాస్తోంది.

యంత్రానికి కులం లేదు. తెర ఎవరి ముందైనా ఆగుతుంది. కానీ ఆగిన తర్వాత ఏమవుతుందన్నది మాత్రం ఈ దేశంలో కులాన్ని బట్టి, దానితో పెనవేసుకున్న ఆస్తిని బట్టి నిర్ణయమవుతుంది. సాంకేతిక లోపం అందరికీ సమానమేనన్న వాదనలోని డొల్లతనం ఇదే.

ఇక్కడ రెండు పాత ఘటనలను గుర్తు చేసుకోవాలి. 2003 నవంబరులో క్యాట్ ప్రశ్నపత్రం లీకైంది. అప్పుడది కాగితం పరీక్ష. మొత్తం పరీక్షను రద్దు చేసి 2004 ఫిబ్రవరిలో అందరికీ మళ్లీ నిర్వహించారు. 2009లో క్యాట్ తొలిసారి కంప్యూటరుపైకి మారింది. నవంబరు 28న మొదలైన ఆ పరీక్షకు దాదాపు 2.4 లక్షల మంది నమోదు చేసుకున్నారు. తొలిరోజే అనేక కేంద్రాల్లో కంప్యూటర్లు పనిచేయలేదు. వైరస్‌లు కారణమని నిర్వాహక సంస్థ చెప్పింది. దేశమంతటా గగ్గోలు పుట్టింది. చివరకు నష్టపోయిన వేలాది మందికి 2010 జనవరి 30, 31 తేదీల్లో మళ్లీ పరీక్ష పెట్టారు.

కాగితం పరీక్షలో లోపం సామూహికమైనది. పేపరు లీకైతే అందరూ నష్టపోతారు, అందరూ వీధికెక్కుతారు, అందరికీ మళ్లీ పరీక్ష వస్తుంది. కంప్యూటరు పరీక్షలో లోపం కూడా 2009లో మాదిరిగా పెద్దదైతే న్యాయం కొంతైనా దొరుకుతుంది. కానీ ఆ తర్వాత నిర్వహణ మెరుగుపడి లోపాలు చిన్నవయ్యాయి. ఒక గదిలో ఒక కంప్యూటరు, ఒక అభ్యర్థి. లోపం జరిగిందని నిరూపించుకునే భారం ఆ ఒక్కరి మీదే పడుతుంది. ఆధారాలన్నీ నిర్వాహకుల సర్వర్లలో ఉంటాయి. సెల్‌ఫోన్ లోపలికి రానివ్వరు కాబట్టి ఫొటో ఉండదు. పక్క సీటువాడు తన తెరలో మునిగి ఉంటాడు కాబట్టి సాక్షి ఉండడు. ఈ ఒంటరి పోరాటంలో వకీలును పెట్టుకోగల కుటుంబం, ఆంగ్లంలో గట్టిగా ఉత్తరం రాయగల తండ్రి, విలేఖరి మిత్రుడు ఉన్నవారు వేరు. కుటుంబంలో తొలిసారి డిగ్రీ దాకా వచ్చిన దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థి వేరు.

క్యాట్ ఇప్పుడు రెండు గంటల పరీక్ష. మూడు విభాగాలు, ఒక్కో దానికి 40 నిమిషాలు. ఒక విభాగం నుంచి మరో విభాగంలోకి అభ్యర్థి తన ఇష్టం వచ్చినట్టు వెళ్లే వీలు లేదు. ఇంత బిగువైన పరీక్షలో పది నిమిషాల అలజడి ఒక విభాగాన్నే ముంచేస్తుంది. పైగా పరీక్ష ఒకే రోజు మూడు విడతలుగా జరుగుతుంది. విడతల మధ్య తేడాను సరిచేయడానికి మార్కులను సాధారణీకరిస్తారు. ఆ పద్ధతిని ప్రకటిస్తారు, నిజమే. కానీ అందరి మార్కులూ చేతిలో లేకుండా తన పర్సంటైల్ సరైనదో కాదో ఏ అభ్యర్థీ సొంతంగా లెక్క కట్టుకోలేడు. నమ్మడం తప్ప దారి లేదు.

లోపం లేని రోజున కూడా పోటీ సమానంగా మొదలవదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతమే. పట్టణాల్లో అది 23.4 శాతం. ఆ తర్వాత ప్రతి ఇంటికీ స్మార్ట్‌ఫోన్ వచ్చిందంటారు. బొటనవేలితో తెరను జరపడం వేరు, మౌస్‌తో పట్టికలను చదువుతూ తెర మీది కాలిక్యులేటరు వాడుతూ నిమిషాలతో పోటీ పడడం వేరు. మా తరగతికి వచ్చే పిల్లల్లో కొందరు పూర్తి నిడివి నమూనా పరీక్షను కంప్యూటరుపై తొలిసారి రాసేది మా ల్యాబులోనే.

ఇక భాష. క్యాట్ ఇంగ్లిషులో మాత్రమే ఉంటుంది. జేఈఈ మెయిన్‌ను తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. మన రెండు రాష్ట్రాల ఐసెట్‌లో గణిత, విశ్లేషణ విభాగాల ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. ఇంజనీరింగుకు, రాష్ట్ర ఎంబీఏకు సాధ్యమైనది ఐఐఎంలకు ఎందుకు అసాధ్యం? ఇంగ్లిషు పరిజ్ఞానాన్ని పరీక్షించడానికి ఒక విభాగం ఎలాగూ ఉంది. మిగిలిన రెండింటిలోనూ ఇంగ్లిషునే మళ్లీ పరీక్షించడం తర్కానికి నిలవదు.

ఫీజు సంగతి చూద్దాం. 2024లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ అభ్యర్థులకు రూ.1,250, మిగిలినవారందరికీ రూ.2,500. ఆ మిగిలినవారిలో నాన్ క్రీమీలేయర్ బీసీలూ, ఆర్థికంగా వెనుకబడినవారూ ఉన్నారు. సీటు ఇచ్చేటప్పుడు వెనుకబాటును గుర్తించిన వ్యవస్థ ఫీజు తీసుకునేటప్పుడు మరచిపోతుంది.

ఫలితం ఎలా ఉంది? చట్టం ప్రకారం ఐఐఎంలలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి. క్యాట్ రాసేవారిలో మాత్రం ఎస్సీలు పది శాతానికి, ఎస్టీలు మూడు శాతానికి కూడా చేరడం లేదు. ఓబీసీలు తమ వాటా కంటే ఎంతో వెనుకబడి ఉన్నారు. వడపోత పరీక్ష గది తలుపు దగ్గరే మొదలవుతోంది.

నన్ను అన్నిటికంటే బాధించేది మరొకటి. యంత్రం ఆగి, భాష అడ్డొచ్చి, సాధన లేక తగ్గిన మార్కులే తర్వాత ఆ విద్యార్థి 'ప్రతిభ'గా నమోదవుతాయి. తక్కువ కటాఫ్‌తో వచ్చినవాడన్న ముద్ర తరగతి గదిలోనూ, ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ వెంటపడుతుంది. పరీక్ష చేసిన అన్యాయం రిజర్వేషన్ల మీద నిందగా మారుతుంది.

మళ్లీ కాగితానికి పోవాలని నేననడం లేదు. కాగితం లీకుల చరిత్ర మనకు తెలిసిందే. కంప్యూటరును జవాబుదారీ చేయాలంటున్నాను. ఆటంకం కలిగిన ప్రతి అభ్యర్థికీ పరీక్ష గదిలోనే పర్యవేక్షకుడి సంతకంతో ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ కంప్యూటరు లాగ్ నకలు అడిగితే ఇవ్వాలి. నిర్ణీత నిమిషాలకు మించి ఆటంకం కలిగితే మళ్లీ పరీక్ష రాయడం దయగా కాక హక్కుగా ఉండాలి. ఏ కేంద్రంలో ఎన్ని ఆటంకాలు కలిగాయో, ఏ సామాజిక వర్గం వారు ఎందరు రాశారో, ఎందరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందో, ఎందరు చేరారో ఏటా ప్రకటించాలి. గణిత, తర్క విభాగాలను భారతీయ భాషల్లోనూ ఇవ్వాలి. బీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థుల ఫీజు తగ్గించాలి. రాష్ట్ర ప్రభుత్వాలు చేయవలసిందీ ఉంది. సంక్షేమ హాస్టళ్లలో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో పనిచేసే కంప్యూటర్లు, సాయంత్రం వేళ తెరిచి ఉండే ల్యాబులు కావాలి.

ఇవేవీ అసాధ్యమైన కోర్కెలు కావు. 2010లో వేలాది మందికి మళ్లీ పరీక్ష పెట్టగలిగిన సంస్థలకు ఒక్కరికి పెట్టడం భారం కాదు. ఆ ఒక్కరూ ఎవరన్నదే అసలు ప్రశ్న.