గోడ దగ్గర ఆగిపోయే దారులు

ఇంటిస్థలం కొనేటప్పుడు మనం చాలా అడుగుతాం. గజం ఎంత, కాగితాలు సవ్యంగా ఉన్నాయా, నీరు పడుతుందా, మసీదు ఎంత దూరం? ముందున్న రోడ్డు ఎన్ని అడుగులో కూడా అడుగుతాం. ఆ రోడ్డు చివరికి ఎక్కడికి పోతుందో మాత్రం అడగం.

శ్రీకాకుళం పురపాలక సంఘం 1856 నాటిది, విజయనగరానిది 1888 నాటిది. ఇప్పుడు రెండూ నగరపాలక సంస్థలు. పాత ఊళ్లో వీధులు ఇరుకే గానీ, ఒక సందు మూస్తే మరో సందు దొరుకుతుంది. ఊరి చుట్టూ పొలాలు లేఅవుట్లు అయ్యేసరికి లెక్క మారింది. ఎవరి పొలం వారిది, ఎవరి లేఅవుటు వారిది. లోపల రోడ్లు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి. గట్టు దగ్గరకొచ్చేసరికి ప్రహరీ. అవతల ఉన్న మేనత్త ఇల్లు కంటికి కనిపిస్తుంది, కాలికి అందదు. మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాలి. బండి ఉన్నవారికి అది అయిదు నిమిషాల పని. ఫజర్ నమాజుకు నడిచే ముసలాయన, బడికి సైకిల్ తొక్కే పిల్ల, జనాజా మోసేవారు ఏం చేయాలి? పైగా చుట్టు తిరిగే బండ్లన్నీ శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వంటి చోట్లకే చేరతాయి. అప్పుడు రద్దీ అంటూ రోడ్డు వెడల్పు చేయమంటాం, పాత దుకాణాల గోడలు పడతాయి.

ఇది మన రెండు ఊళ్ల జబ్బే కాదు. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు ప్రపంచమంతటి వీధుల పటాలు పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. 1975 తర్వాత చాలా దేశాల్లో కొత్త వీధులు ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతూ వచ్చిందట. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. వీధి ఒకసారి పడితే తరాల తరబడి అలాగే ఉంటుంది.

గోడ తీస్తే దొంగలొస్తారని కాలనీవాసులంటారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ బండి దూరకుండా రెండు రాళ్లు పాతి, మనిషీ సైకిలూ పోయే సందు వదిలితే నష్టమేమిటి? దారి విషయంలో తగవొస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో కూఫా నగరం వేసినప్పుడు పెద్ద బాటలకు 40 మూరలు, సందులకు 7 మూరలు వదిలారని తబరీ రాశారు. ఏడు మూరలంటే సుమారు పది అడుగులు. మేము అడుగుతున్నదీ అంతకు మించి లేదు.

ఇది ప్లాట్లు అమ్ముడుపోక ముందే జరగాలి. రిజిస్ట్రేషన్లు అయ్యాక ఆ గోడ జోలికి ఎవరూ పోరు. అనుమతులిచ్చే అధికారి పక్క సర్వే నంబరు పటం కూడా తెప్పించి చూడాలి. కొత్త కాలనీల్లో మసీదుకు స్థలం వెతుకుతున్న మన కమిటీలవారు, పది గజాలు తక్కువైనా సరే, రెండు వైపుల నుంచీ నడిచి రాగల చోటు చూడాలి.