షానన్ బంకమన్ను, మన రేగడి

షానన్ విమానాశ్రయం చుట్టూ పల్లపు నేల తవ్వితే నీలిబూడిద రంగు బంకమన్ను తగులుతుంది. పోటునీరు తెచ్చిపోసిన ఒండ్రు. కట్టలు వేసి దక్కించుకున్న నేల. ఇక్కడివారు కార్కస్ అంటారు, శాస్త్రజ్ఞులు గ్లే నేల అంటారు. నీరు నిలిచి, గాలి అందక, మట్టిలోని ఇనుము ఎర్రదనం కోల్పోతుంది. ఊపిరాడని రోగి పెదవులు గుర్తొస్తాయి మాకు! కొత్తిమీర చల్లే సోదరీమణులు మడిని జానెడు ఎత్తు చేసుకోవాలి.

మన కృష్ణా డెల్టా రేగడి తీరు వేరు. వేసవిలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి మూసుకుంటుంది. అమెరికా వర్గీకరణలో వెర్టిసాల్. రెంటికీ శత్రువు ఉప్పునీరే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. మనుషులను పోగొట్టుకున్నవారికి మిగిలిన పొలమూ ఉప్పు పాలయింది. సోడియం పట్టిన బంకమన్నులో రేణువులు విడిపోయి సందులు పూడతాయి, నీరింకదు. అలాంటి నేలకు జిప్సం వేసి, మంచినీరు పెట్టి, ఆ నీరు బయటికిపోయే కాలువ తీయాలి. కాలువ లేకపోతే జిప్సం దండుగ.