దాచుకునేదేముందన్న వాదన

తప్పు చేయనోడికి దాచుకునేదేముంటదని హుజూరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ ముచ్చట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఎన్‌క్రిప్షన్ మీద సర్కారు పట్టు ఉండాలనే వాళ్ల వాదనంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఆ మాట నిలవదు.

జమ్మికుంట యార్డులో పత్తి అమ్మిన రైతు విత్తనాల దుకాణంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడతాడు. ఆ అంకెలు ఫోన్ దాటకముందే ఎవరికీ అర్థం కాని రాతగా మారిపోతాయి. అదే ఎన్‌క్రిప్షన్. ఆ రాతను విప్పడం తేలికైతే పంట డబ్బు మాయమైనట్టే. దాచుకోవాల్సిన అవసరం అందరికంటే ఆయనకే ఎక్కువ.

నాసిరకం ఎన్‌క్రిప్షన్ తాళాలతో నెట్టుకురావచ్చని అమెరికా అనుకుంది. 1990లలో బయటి దేశాలకు వెళ్లే బ్రౌజర్లలో 40 బిట్ల బలహీన తాళమే ఉండాలంది. 1995లో ఫ్రాన్సులో డామియెన్ డొలిజే దాన్ని ఎనిమిది రోజుల్లో విప్పేశాడు. పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం రాసిన ఫిల్ జిమ్మర్‌మన్ మీద, అది దేశం దాటిందంటూ 1993 నుంచి మూడేళ్లు నేర విచారణ నడిపారు. అదే కోడ్‌ను ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చేస్తే మాత్రం అడ్డుకోలేదు. 2000లో ఆంక్షలు చాలావరకు సడలినా పీడ వదల్లేదు. ఎగుమతి కోసం పెట్టిన ఆ తాళాలు సర్వర్లలో అలాగే మిగిలి, 2015లో ఫ్రీక్ అనే భద్రతా లోపంగా బయటపడ్డాయి. అమెరికా ప్రభుత్వ సైట్లకే ముప్పు తెచ్చాయి.

మన దగ్గరా అదే బుద్ధి. ఇంటర్నెట్ సంస్థల పాత లైసెన్సులు అనుమతి లేకుండా 40 బిట్లు దాటొద్దన్నాయి. 2001లో రిజర్వు బ్యాంకు మాత్రం నెట్ బ్యాంకింగ్‌లో 128 బిట్లకు తగ్గొద్దంది. ఎవరి మాట వినాలి? 2015 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా అయితే సందేశాల అసలు పాఠాన్ని 90 రోజులు భద్రపరచాలని పౌరులకే చెప్పింది. జనం మండిపడితే వెనక్కి తీసుకున్నారు.

నేరగాళ్లు ఎన్‌క్రిప్షన్‌ను వాడుకోరా అంటారు. వాడుకుంటారు. కానీ గట్టి ఎన్‌క్రిప్షన్ సూత్రాలు అందరికీ బహిరంగంగా దొరుకుతాయి. నిషేధిస్తే వాళ్లు సొంత ప్రోగ్రాం రాసుకుంటారు, నాసిరకంది మనకు మిగులుతుంది.

తాళంచెవి ఎవరి చేతికిస్తున్నామో కూడా చూడాలి. తెలంగాణ పోలీసు శాఖలో మావోయిస్టులపై నిఘా కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలోని అధికారులే ప్రతిపక్ష నేతల ఫోన్లు విన్నారని, హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని 2024లో కేసు నమోదైంది. హుజూరాబాద్ ఉప ఎన్నికలో తన ఫోన్ కూడా విన్నారని ఈటల రాజేందర్ ఆరోపించారు. నిజం కోర్టు తేల్చాలి. అది తేలకముందే, సందేశం మొదట ఎవరు పంపారో చెప్పి తీరాలన్న 2021 ఐటీ నిబంధనను కేంద్రం ఢిల్లీ హైకోర్టులో సమర్థించుకుంటోంది. ఆ నిబంధనను ఉపసంహరించుకోవాలి.