స్టార్ వెళ్లిపోయాక దొరికిన ప్లేఆఫ్స్

తెలుగు టైటాన్స్ 2016లో సెమీఫైనల్ ఆడింది. ఆ తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2025లోనే. ఈ తొమ్మిదేళ్లూ ప్రతి వేలానికి ముందు మన చాయ్ హోటళ్లలో ఒకటే సవాల్: "ఈసారి మన స్టార్ ఎవరు భాయ్?" పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లదీ అదే మాట, షిఫ్టు దిగి వచ్చే వాళ్ల అబ్బాలదీ అదే మాట. ఈ సవాలే మనల్ని ఇన్నేళ్లు తప్పుదోవ పట్టించిందని నా ఖయాల్. టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది స్టార్ వచ్చినప్పుడు కాదు, పోయినప్పుడు. ఎందుకో హిసాబ్ వేసి చూద్దాం.

మొదటి ఆరు సీజన్లు మన స్టార్ రాహుల్ చౌదరి. 2019లో అతను తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. అదే ఏడాది టైటాన్స్ 1 కోటీ 45 లక్షలకు సిద్ధార్థ్ దేశాయ్‌ని కొన్నది. కండబలం ఉన్న రైడర్, ఒక్క తోపుకు ఇద్దరు ముగ్గురిని లాక్కొచ్చేవాడు. అయినా ఆ సీజన్లో ప్లేఆఫ్స్ అందలేదు. తర్వాత కథ ఇంకా దిగజారింది. ఎనిమిదో సీజన్లో ఒక్క గెలుపు, తొమ్మిదిలో రెండు, పదిలో రెండు. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి 5. మూడుసార్లూ పట్టికలో అట్టడుగే. గచ్చిబౌలి స్టేడియంలో జట్టు పేరు పెట్టి అరిచే అభిమానుల సబర్‌కు సలాం చేయాలి.

ఆ మూడు సీజన్లలో చివరిదానికి మన దగ్గర స్టార్ లేడా? ఉన్నాడు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరూ పలకనంత ధర పెట్టి తెచ్చుకున్న స్టార్. పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు. ఆ ఏడాది ఒక్కో జట్టు మొత్తం మీద ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అంటే సగానికి పైగా సొమ్ము ఒక్క మనిషి మీద పెట్టి, మిగిలిన దాంట్లో మిగతా జట్టంతా సర్దుకోవాలి. ఇంట్లో ఆడబిడ్డ పెళ్లికి ఉన్న డబ్బులో సగం షామియానాకే పెట్టేస్తే దావత్ ఎలా ఉంటుందో మన అమ్మీలకు చెప్పక్కర్లేదు.

పవన్ తన పని తాను చేశాడు, ఇది ముందు ఒప్పుకోవాలి. ఆ సీజన్లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అదే సీజన్ మొదలయ్యే ముందు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండి ఇరాన్ మీద 33-29తో స్వర్ణం గెలిపించాడు. హునర్‌లో కొరత లేదు, మెహనత్‌లో కొరత లేదు. అయినా జట్టు 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచింది.

కబడ్డీ ఆటలోనే దీనికి జవాబ్ ఉంది. మ్యాట్ మీద ఏడుగురు. రైడర్ అవతలి సగంలోకి వెళ్లి పట్టుబడితే ఔటై బయట కూర్చుంటాడు. ఎప్పటిదాకా? తన జట్టు పాయింటు సాధించి అతన్ని తిరిగి లోపలికి తెచ్చుకునేదాకా. తనంతట తాను లేచి రాలేడు. ఎంత గొప్ప రైడరైనా సరే, ఆ బెంచీ మీద నుంచి అతన్ని లేపాల్సింది మిగతా వాళ్లే. కార్నర్‌లో కాలు పట్టేవాడు, కవర్ నుంచి వచ్చి నడుము అందుకునేవాడు, రెండో రైడర్, మూడో రైడర్. వాళ్లు బలహీనమైతే 2 కోట్ల 60 లక్షల మనిషి మ్యాచ్‌లో చాలా సేపు బయట కూర్చుని ఇంతెజార్ చేయాల్సిందే. అందుకే ఎదుటి జట్లన్నీ ఒకే ప్లాన్‌తో దిగేవి: పవన్‌ను పట్టండి, టైటాన్స్ పని అయిపోతుంది.

దీనికి ఉల్టా మిసాల్ కూడా పవన్ కథలోనే ఉంది. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2 కోట్ల 26 లక్షలకు తీసుకుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం దూరమయ్యాడు. తలైవాస్ పని ఖతం అనుకున్నారంతా. కానీ నరేందర్ అనే కొత్త కుర్రాడు ముందుకొచ్చాడు, డిఫెండర్లు చేతులు కలిపారు. అంతకు ముందెన్నడూ ప్లేఆఫ్స్ చూడని తలైవాస్ ఆ ఏడాది సెమీఫైనల్ ఆడింది. స్టార్ ఉన్న టైటాన్స్ చివరన, స్టార్ లేని తలైవాస్ సెమీస్‌లో. రెండు కథల్లోనూ స్టార్ ఒకడే.

మనవాళ్లకు బాగా తెలిసిన ఇరానీ డిఫెండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయి సంగతి చూడండి. 2023లో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలకు తెచ్చుకుంది, కప్పు గెలిచింది. మరుసటి ఏడాది హర్యానా స్టీలర్స్‌కు వెళ్లాడు, వాళ్లూ గెలిచారు. 2025లో గుజరాత్ జెయింట్స్ 2 కోట్ల 23 లక్షలు పెట్టింది, తొలి ఎనిమిది జట్లలో కూడా లేకుండా పోయింది. మనిషి అతనే, పట్టు అదే. మారింది చుట్టూ ఉన్న ఆరుగురు.

పుణేరి ఆ కప్పు గెలిచింది మన పక్కనే. 2024 మార్చి 1న, గచ్చిబౌలిలో. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే దిగిపోయే దూరం. ఆ రాత్రి హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి ట్రోఫీ ఎత్తిన కెప్టెన్ పేరు అస్లమ్ ఇనామ్‌దార్. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ జిల్లా కుర్రాడు. ఆ సీజన్ అత్యంత విలువైన ఆటగాడి అవార్డు కూడా అతనిదే. అస్లమ్‌ను పుణేరి ఏ వేలంలోనో కోట్లు పోసి కొనలేదు. యువ పల్టన్ అనే తమ సొంత తాలీమ్ కార్యక్రమంలో పెంచుకున్నది. మోహిత్ గోయత్, పంకజ్ మోహితే, ఆకాశ్ షిండే కూడా అట్లా తయారైన పిల్లలే. షాద్లూయి వచ్చింది అప్పటికే నిలబడి ఉన్న ఇంటికి, పైకప్పు వేయడానికి. మనం పవన్‌ను తెచ్చింది పునాదే లేని ప్లాటుకు.

ఇప్పుడు టైటాన్స్ మలుపు ఎక్కడ తిరిగిందో చూద్దాం. 2024లో కోచ్‌గా కృష్ణ కుమార్ హుడా వచ్చాడు. అంతకు ముందు దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన ఉస్తాద్. పవన్‌ను మళ్లీ తీసుకున్నారు కానీ ధర 1 కోటీ 72 లక్షల 50 వేలకు దిగింది. సీజన్ మధ్యలో పవన్ గాయంతో కూర్చుంటే విజయ్ మలిక్ పగ్గాలు పట్టాడు. 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగిపోయారు. ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు కింద. 2025లో పవన్ లేడు, తిరిగి తలైవాస్‌కు వెళ్లాడు. టైటాన్స్ 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చి, విజయ్‌ను కెప్టెన్ చేసి, డబ్బు అందరికీ పంచింది.

ఆగస్టు 29న విశాఖలో సీజన్ మొదటి మ్యాచే టైటాన్స్, తలైవాస్ మధ్య పెట్టారు. పాత స్టార్ అవతలి వైపు. తలైవాస్ 38-35తో గెలిచింది. ఆ రాత్రి చాలామంది అన్నారు, "చూశారా, పవన్‌ను పోగొట్టుకుంటే ఇంతే." అక్టోబర్ చివరికి లెక్క తారుమారైంది. తలైవాస్ ప్లేఆఫ్స్‌లో లేదు. టైటాన్స్ తొలి నాలుగింట్లో నిలిచి, బెంగళూరును ఓడించి, పట్నాను ఓడించి, రెండో క్వాలిఫయర్‌లో పుణేరి చేతిలో ఆగింది. ఫైనల్ గడప దాకా వెళ్లింది. అడ్డుపడింది మళ్లీ అస్లమ్ జట్టే. సొంత ఇంట్లో పిల్లల్ని పెంచుకున్న జట్టు.

మరి పవన్ ముస్తక్బిల్ ఏంటి? మూడేళ్ల ధరలు వరసగా పెట్టి చూస్తే గుండె కలుక్కుమంటుంది. 2023లో 2 కోట్ల 60 లక్షలు. 2024లో 1 కోటీ 72 లక్షలు. 2025లో 59 లక్షల 50 వేలు. ఆ సీజన్ మధ్యలోనే, సెప్టెంబర్‌లో, క్రమశిక్షణ కారణాలు చెప్పి తలైవాస్ అతన్ని జట్టు నుంచి పంపేసింది. ఆ ఇల్జామ్‌ను అతను ఖండించాడు. తప్పు రుజువైతే మళ్లీ కబడ్డీ ఆడనన్నాడు. ఆ గదిలో ఏం జరిగిందో మనం చూడలేదు కాబట్టి ఫైసలా చెప్పే హక్కు మనకు లేదు. కానీ ఫోన్లలో రాత్రికి రాత్రే ఫైసలాలు అయిపోయాయి. పేరు ముందు బద్నామ్ చేసి తర్వాత సంగతి అడగడం ఎట్లా ఉంటుందో మన ఇళ్లకు బాగా తెలుసు. ఇంకొకరి విషయంలో మనమూ అదే తరీఖా పట్టకూడదు.

2019 జనవరిలో బెంగళూరు బుల్స్‌కు కప్పు తెచ్చిన ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు కొట్టినవాడు పవన్. అదే ఏడాది ఒక్క మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు సాధించాడు. 1996లో పుట్టాడు, మోకాలికి పెద్ద దెబ్బ తిన్నాడు. గాల్లోకి ఎగిరి డిఫెండర్ల తలల మీదుగా దూకే రైడర్‌కు మోకాలే ఆస్తి. ఇప్పుడు అతనికి కావాల్సింది మొత్తం భారం మోపే జట్టు కాదు. కీలకమైన రైడ్లకు వాడుకుని, మిగతా వేళ కుర్రాళ్లకు నేర్పించమనే జట్టు. నన్నడిగితే టైటాన్స్ మళ్లీ తీసుకున్నా తప్పులేదు. అయితే ఇంటి మొత్తానికి ఒక్క స్తంభంలా కాదు, ఇంటి పెద్దన్నలా.

"స్టార్ లేకపోతే స్టేడియం ఎవరు నింపుతారు? పిల్లలకు షౌక్ ఎట్లా కలుగుతుంది?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన మాటే. సిరాజ్ మియాఁను చూసి ఆటోడ్రైవర్ల పిల్లలు బంతి పట్టారు, నిఖత్ జరీన్‌ను చూసి మన ఆడపిల్లలు గ్లౌజులు తొడిగారు. ఆ వెలుగు కావాలి. కానీ సిరాజ్, నిఖత్ మన గల్లీల నుంచి లేచినవాళ్లు. టైటాన్స్ కెప్టెన్ విజయ్ మలిక్, భరత్, కోచ్ హుడా అందరూ హర్యానావాళ్లు. వాళ్లమీద శికాయత్ లేదు, ఎక్కడివాళ్లయినా చెమట చెమటే. అయితే జట్టు పేరులో తెలుగు ఉన్నప్పుడు ఆటగాళ్ల జాబితాలో కూడా మన ఊళ్ల పేర్లు నాలుగు కనిపించాలని అడగడం తప్పవుతుందా?

మన పటాన్‌చెరు, సంగారెడ్డి బెల్టులో కబడ్డీకి పనికొచ్చే ఒళ్లు లేక కాదు. రోజంతా బస్తాలు మోసి, మిషన్ల దగ్గర నిలబడి గట్టిపడ్డ కుటుంబాలు ఇవి. లేనిది మైదాన్, ఉస్తాద్, వేళ. ఖాళీ జాగాలు వెంచర్లయిపోయాయి. పదో తరగతి కాగానే పిల్లాడు కంపెనీ గేటు దగ్గర కాంట్రాక్టు పనికి నిలబడతాడు. పటాన్‌చెరు మైత్రి మైదానంలో, సంగారెడ్డి అంబేడ్కర్ స్టేడియంలో సాయంత్రం రెండు గంటలు మ్యాట్ పరిచి ఒక కోచ్‌ను కూర్చోబెట్టడానికి కోట్లు అక్కర్లేదు. ఒక స్టార్ మీద పెట్టే దాంట్లో చిన్న ముక్క చాలు. ఆ జిమ్మేదారి టైటాన్స్ యాజమాన్యానిది, రాష్ట్ర క్రీడా సంస్థది. ఈ బెల్టులో లాభాలు చూస్తున్న కంపెనీలకూ ఇందులో వాటా ఉంది.

మన జిమ్మేదారి కూడా కొంత ఉంది. "ఆటతో రోటీ దొరుకుతుందా?" అని మన అబ్బాలు అడుగుతారు. సీదా జవాబ్ ఇదే: వేలం మీద ఆశ పెట్టి చదువు మానేస్తే దొరకదు. మూడేళ్లలో నాలుగో వంతు కంటే కిందికి పడిపోయిన పవన్ ధర చూస్తే వేలం ఎంత నమ్మకం లేనిదో తెలుస్తుంది. అతని వంటి ఆటగాళ్లను కూడా నిలబెట్టేది రైల్వే లాంటి ఉద్యోగం. కాబట్టి పుస్తకం ఒక చేత్తో, ఆట ఒక చేత్తో. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ విలువ తెలుసుకోండి. జిల్లా, రాష్ట్ర పోటీలకు పిల్లాడు ఎంపికైతే "పరీక్షలున్నాయి" అని ఆపేయకండి, పరీక్ష ఫీజుతో పాటు షూ కూడా కొనిపెట్టండి.

వచ్చే వేలంలో టీవీలు మళ్లీ కోట్ల అంకెలే చూపిస్తాయి. మనం మాత్రం చివరి వరసల్లో చూద్దాం, అతి తక్కువ ధరకు తీసుకున్న కొత్త కుర్రాళ్ల పేర్లు చదువుదాం. అందులో మన జిల్లా పేరు ఉందా లేదా అని అడుగుదాం. ప్రతి ఏడాదీ గట్టిగా అడుగుదాం.