చూసినోళ్లే రాయాలె

యుద్ధం గురించి పాలకులు చెప్పే లెక్క ఒకటి ఉంటుంది. ఆ యుద్ధం కింద నలిగినోళ్లు చెప్పే లెక్క ఇంకొకటి ఉంటుంది. మొదటిది పత్రికల మొదటి పేజీకెక్కుతుంది. రెండోది ఇంటి అరుగు మీదనే ఆగిపోతుంది. అరుగు మీది మాటను లోకం ముందు పెట్టే పని ఇప్పుడు మామూలు జనమే చేస్తున్నారు. విలేఖరి కార్డు లేదు. వెనక కంపెనీ లేదు. చేతిలో ఒక ఫోను, చెప్పి తీరాలన్న పట్టుదల. అంతే.

2024 మొదట్లో మన నారాయణపేట జిల్లా యువకుడొకరు రష్యా–ఉక్రెయిన్ యుద్ధరంగంలో చిక్కుకున్నాడు. కొలువు ఉన్నదని ఏజెంట్లు నమ్మించి తీసుకపోయారు. అక్కడ తుపాకీ చేతికిచ్చి ముందు వరుసకు తోలారు. అతనితోపాటు కర్ణాటక కలబురగి పిల్లలూ ఉన్నారు. ఈ సంగతి ముందుగా ఏ రాయబారీ చెప్పలేదు. ఆ పిల్లలు ఇంటికి పంపిన మాటలు, వీడియోలు చెప్పాయి. కుటుంబాలు రోడ్డుకెక్కాయి. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ విదేశాంగ శాఖకు లేఖ రాశారు. మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. అదే మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు ఆ యుద్ధంలో చనిపోయాడని మాస్కోలోని మన ఎంబసీ ఒప్పుకోవాల్సి వచ్చింది. నారాయణపేట బిడ్డ సెప్టెంబర్‌లో ప్రాణాలతో ఇల్లు చేరాడు. ఒక తల్లికి కొడుకు దక్కాడు, ఇంకో తల్లికి దక్కలేదు. ఆ వీడియోలే లేకుంటే రెండు ఇళ్ల గోస కూడా మనకు తెలిసేది కాదు.

అంతకు రెండేండ్ల ముందు, 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉక్రెయిన్‌లో డాక్టరు చదువుకు పోయిన మన పిల్లలు నేలమాళిగల్లో దాక్కొని, తాగే నీళ్లు కూడా అయిపోయాయని ఫోన్లలో చెప్పుకున్నారు. తర్వాత 'ఆపరేషన్ గంగ' పేరుతో కేంద్రం 22 వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. విమానాలు పంపిన ఘనత గురించి ఢిల్లీ చాలా చెప్పుకున్నది. విమానాలు పంపక తప్పని ఒత్తిడి తెచ్చిన పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇదంతా దూరదేశం ముచ్చట అనుకోవద్దు. మేళ్లచెరువు, కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట గడ్డ యుద్ధాన్ని కండ్లారా చూసిన గడ్డ. 1948 సెప్టెంబర్ 13న బెజవాడ దిక్కు నుంచి భారత సైన్యం కదిలి, ఈ దారినే సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వైపు నడిచింది. సూర్యాపేట దగ్గర మూసీ మీది వంతెనను పేల్చేశారు. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. అంతకు ముందు రజాకార్ల దాడులు, అటు తర్వాత 1951 అక్టోబర్ దాకా సాగిన సాయుధ పోరాటం, మిలిటరీ క్యాంపులు. అటు ఇటు కలిపి ఐదేండ్లు ఈ పల్లెలు కంటినిండా నిద్రపోలేదు. నడిమధ్యన మునగాల పరగణా నిజాం ఏలుబడిలో లేదు, కృష్ణా జిల్లా కింద ఉండేది. పరగణా పొలిమేర దాటితే రాజ్యమే మారిపోయేది. రాత్రికి రాత్రే పిల్లాజెల్లను చంకనేసుకొని పొలిమేర దాటిన కుటుంబాల కథలు ఈ పక్క ఊళ్ల ముసలోళ్ల నోట మొన్నమొన్నటి దాకా వినిపించేవి.

ఆ కథలు ఎవరు రాశారు? సైన్యం ఏ రోజు ఎక్కడ మకాం వేసిందో సైన్యం రికార్డుల్లో ఉన్నది. ఏ నాయకుడు ఏమన్నాడో నాయకుల పుస్తకాల్లో ఉన్నది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఆ పోరాటంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు ప్రాణాలిచ్చారు. ఆ నాలుగు వేలలో మేళ్లచెరువు పక్క ఎందరు? వాళ్ల ఆడోళ్లు ఆ తర్వాత ఎట్ల బతికారు? ఏం తిన్నారు? ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద దొరకదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఆ పోరాటంలో ఆడబిడ్డల గొంతే అచ్చుకెక్కలేదు. సూర్యాపేట ప్రాంతపు వీరనారి మల్లు స్వరాజ్యం ఆత్మకథ 2019లో వచ్చింది. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసింది. మూడేండ్లు ఆలస్యమైతే ఆ ఒక్క గొంతు కూడా మట్టిలో కలిసేది.

రాసినోళ్లకు ఏమైందో కూడా మరువొద్దు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దుర్మార్గాన్ని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. రాసే చేతిని నరికారు. ఆయన ముస్లిం. చంపినోళ్లు ముస్లింల పేరు చెప్పుకున్నోళ్లు. నిజం చెప్పేటోనికి మతం అడ్డురాదు, నిజాన్ని చంపేటోనికి మతం ఒక సాకు మాత్రమే.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలె. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. ఊరూరా తిరిగి, బాధితుల నోటి నుంచి విని రాసిన నివేదిక అది. ప్రభుత్వం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం కంట పడలేదు. 65 ఏండ్లు! ఇంత కాలంలో చూసినోళ్లు చచ్చిపోయారు, చంపినోళ్లు చచ్చిపోయారు, న్యాయం అడిగే హక్కుదారే మిగల్లేదు. సర్కారు దగ్గర దాచిన సాక్ష్యానికి పట్టే గతి ఇదే. జనం దగ్గర పది చోట్ల ఉన్న సాక్ష్యానికి తాళం వేయడం ఏ సర్కారుకూ చేతకాదు.

మన ఉద్యమంలోనే ఈ తేడా కనబడుతుంది. 1969లో పోలీసు కాల్పుల్లో చనిపోయినోళ్లు 369 మంది అని మనం చెప్పుకుంటాం. ఆ అందరి పేర్లు, ఊళ్లు, తల్లిదండ్రుల వివరాలు చెప్పమంటే తడబడతాం. ఎందుకు? ఆనాడు పెద్ద పత్రికలు మనవి కావు. రాసుకోవాలన్న సోయి మనకు రాలేదు. 2009 నవంబర్ ఆఖరులో ఉస్మానియా క్యాంపస్‌లో హాస్టళ్ల మీద పోలీసులు పడ్డప్పుడు పరిస్థితి మారింది. విద్యార్థుల ఫోన్లలో లాఠీలు రికార్డయ్యాయి. కాదని బుకాయించే వీలు లేకపోయింది. ఆ ఫోన్లే లేకుంటే 'అల్లరి మూకలను చెదరగొట్టారు' అన్న ఒక్క వాక్యంతో ఆ రాత్రి ముగిసిపోయేది.

లోకం నిండా ఇదే కథ. 2003లో అమెరికా బాగ్దాద్ మీద బాంబులు వేసింది. పెద్ద చానెళ్ల విలేఖరులు సైనిక బండ్లలో కూసొని సైన్యం చూపిందే చూపారు. 'రివర్‌బెండ్' అనే మారుపేరుతో ఒక ఇరాకీ యువతి ఇంటర్నెట్‌లో రోజువారీ బతుకు రాసింది. కరెంటు లేని ఎండాకాలం, ఉద్యోగం పోయిన ఆడపిల్ల, రోడ్డు మీద ఆపే విదేశీ సైనికుడు. ఆ రాతలు తర్వాత పుస్తకంగా వచ్చి దేశదేశాలు చదివాయి. 2023 అక్టోబర్ తర్వాత గాజాలోకి బయటి విలేఖరులను స్వేచ్ఛగా పోనివ్వలేదు. అక్కడి ఆకలిని, కూలిన ఆసుపత్రులను లోకానికి చూపింది అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, స్థానిక విలేఖరులు. చూపుతూ చూపుతూనే ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

దీనికి ఎదురు వాదన ఉన్నది. ఎవరు పడితే వాళ్లు రాస్తే పుకార్లు పుడతాయని పెద్దలు అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. 2025 మార్చి చివర ఉగాది, రంజాన్ సెలవుల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రాత్రిపూట హాస్టల్ మేడల మీంచి తీసిన వీడియోల్లో చెట్లు కూలుతున్నాయి, నెమళ్లు అరుస్తున్నాయి. దేశం కదిలింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకొని పనులు ఆపించింది. అదే సమయంలో ఎవరో కృత్రిమ మేధతో తయారు చేసిన జింకలు, నెమళ్ల బొమ్మలు కూడా ఊరంతా తిరిగాయి. సర్కారుకు సందు దొరికింది. అసలు వీడియోలను వదిలి దొంగ బొమ్మల మీద కేసులు పెట్టింది, నోటీసులు పంపింది. ఒక్క దొంగ బొమ్మ నూరు నిజమైన బొమ్మల పరువు తీస్తుంది. ఉద్యమానికి శత్రువు చేసే నష్టం కంటే అబద్ధమాడే మిత్రుడు చేసే నష్టమే పెద్దది.

పుకారుకు మందు నోరు మూయించడం అనుకునే పాలకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో రాసినందుకు జైల్లో పెట్టే 66-ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. సెక్షన్ పోయింది, బుద్ధి పోలేదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలోనే 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. తిట్టు మంచిదా చెడ్డదా అన్నది వేరే ముచ్చట. రైతు ఎందుకు తిట్టాడని అడగాల్సిన సర్కారు, ఆ మాట ఎవరు చూపారని అడిగింది. ఇంతకు ముందు ఏలినోళ్ల కాలంలోనూ ఇసుక లారీల గురించి, భూముల గురించి పోస్టులు పెట్టిన పిల్లలు ఠాణాల చుట్టూ తిరిగారు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. మాట్లాడే హక్కు ఏ ఒక్క తేదీన వచ్చి ఇంట్లో కూసునేది కాదు. రోజూ కాపాడుకోవాల్సిందే.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. బాంబులు పడితేనే జనం ఊళ్లు విడుస్తారా? పులిచింతల ప్రాజెక్టు 2004లో మొదలై 2013 డిసెంబర్‌లో జాతికి అంకితమైంది. 45.77 టీఎంసీల జలాశయం. నీళ్లు కృష్ణా డెల్టాకు, మునక మనకు. ఆనాటి మేళ్లచెరువు మండలంలోని నెమలిపురి, చింత్రియాల, వెల్లటూరు, అడ్లూరు వంటి ఊళ్ల జనం ఇళ్లు, పొలాలు, పితరుల సమాధులు కృష్ణమ్మకు అప్పగించి బయటపడ్డారు. ఉద్యమ కాలంలో ఈ ముంపు గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడాం. కానీ ఆ ఊళ్ల బతుకు చరిత్ర ఎక్కడున్నది? ఏ వాడలో ఎన్ని గడపలు, ఏ చేనుకు ఎంత పరిహారం, కౌలు రైతుకు, కూలికి, చేపలు పట్టేటోళ్లకు దక్కిందేమిటి, పునరావాస కాలనీకి వచ్చినంక ఎందరు వలస పోయారు? ఇవి కలెక్టరేట్ ఫైళ్లలో అంకెలుగా ఉంటాయి. మనుషులుగా ఉండేది ఆ జనం గుండెల్లోనే.

కాబట్టి మేం అడిగేది పెద్ద పని కాదు. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట కాలేజీల విద్యార్థులారా! సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క ముంపు కుటుంబం దగ్గర కూసోండి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే రికార్డు చేయండి. 1948 నాటికి పదేండ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై ఐదు ఏండ్ల పైమాటే. వాళ్ల కోసం రేపటి దాకా ఆగొద్దు. ఉపాధ్యాయ, ఉద్యోగ మిత్రులారా! సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది. మునక జాబితాలు, పరిహారం లెక్కలు అడిగి తెప్పించండి. జనం చెప్పిన మాటను, సర్కారు కాగితాన్ని పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కడున్నదో ఊరంతా చూస్తుంది.

కొన్ని కట్టుబాట్లు మాత్రం తప్పొద్దు. ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎవరు చెప్పారో రాసుకోవాలె. చెప్పినోళ్లు పేరు వద్దంటే పెట్టొద్దు. దెబ్బతిన్న ఆడబిడ్డ ముఖం, చనిపోయినోని శవం బజారున పెట్టొద్దు. అసలు ఫైలును చెరపకుండా ఒకటికి రెండు చోట్ల దాచాలె. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు విడివిడిగా చెప్పాలె. మనకు నచ్చని నిజాన్ని కూడా వదిలిపెట్టొద్దు. మనోళ్లు చేసిన తప్పును దాచే సాక్షిని, ఎదుటోళ్ల తప్పు చెప్పినప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

ఉస్మానియా రాత్రిని ఫోన్లలో దాచుకున్న తరం ఇప్పుడు బడుల్లో, ఆఫీసుల్లో, కోర్టుల్లో ఉన్నది. ఆ రోజు మన దెబ్బలను లోకం చూడాలని తపించాం. ఇవాళ ముంపు కాలనీల్లో, గల్ఫ్ క్యాంపుల్లో, ఎవరో ఇంకొకరు అదే తపనతో ఉన్నారు. వాళ్ల మాట విని, సరిచూసి, నలుగురికీ చేర్చడం మన బాకీ. బాకీ తీర్చే పని ఈ వారమే మొదలుపెడదాం.