కోర్ బ్రాంచ్ వదిలేసే ముందు.. ఒక్కసారి ఇసుక సంగతి చూడండి!

‘అన్నా, మెకానికల్‌లో ఏముంది? సాఫ్ట్‌వేర్ కోర్సుకు వెళ్లిపోనా?’ ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వెళ్లొద్దని చెప్పను. కానీ మన తీరంలో ఇసుక ఏం చేసిందో తెలుసుకుని వెళ్లండి.

కాకినాడ తీరానికి అవతల కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. సముద్రం అడుగునున్న బావుల నుంచి గ్యాస్ పైపుల్లో గాడిమొగ టెర్మినల్‌కు వస్తుంది. 2010లో ఉత్పత్తి బాగా పెరిగింది, ఆ వెంటనే తగ్గడం మొదలైంది. భూగర్భంలో ఒత్తిడి పడిపోయింది. నీళ్లు, ఇసుక చొరబడి కొన్ని బావులు మూసేయాల్సి వచ్చింది. డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయాయి.

ఇసుకతో అంత ఇబ్బందా? అవును. గ్యాస్‌తో దూసుకొచ్చే ప్రతి రేణువూ పైపును గీరేస్తుంది. వేగం రెట్టింపైతే అరుగుదల ఐదారు రెట్లవుతుంది. ఇక నీళ్లను పైకి తోయడానికే బావి ఒత్తిడి ఖర్చయిపోతుంది. అందుకే రెంటినీ సముద్రం అడుగునే వేరుచేసే ఆలోచన వచ్చింది. నార్వేలోని టోర్డిస్ క్షేత్రంలో 2007లోనే సుమారు 200 మీటర్ల లోతున సెపరేటర్ దించారు.

దీని సూత్రం మన కొల్లేరులోనే ఉంది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన ఒండ్రు సరస్సులో జోరు తగ్గగానే అడుక్కి చేరుతుంది, నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సెపరేటర్‌లోనూ అంతే. గ్యాస్ పైకి, ఆయిల్ మధ్యకు, నీరు కిందికి, ఇసుక అట్టడుక్కి. రేణువు సైజు సగమైతే దిగడానికి నాలుగు రెట్ల టైమ్ పడుతుంది. అంతసేపు ఆగలేక సైక్లోన్‌లో గిర్రున తిప్పి విడదీస్తారు. పేరుకున్న ఇసుకను నీటి జెట్లతో కదిలించి బయటికి పంపుతారు. ఇదంతా మనిషి చేయి తగలకుండా, రిమోట్‌గా జరగాలి.

ఇందులో సగం మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకంలోదే! కాబట్టి ‘ఆఫ్‌షోర్ జాబ్ గ్యారంటీ’ అంటూ లక్షలు అడిగే సర్టిఫికెట్ కోర్సుల జోలికి పోకండి. ఆ డబ్బు మీ నాన్న చెరువు మీదో, చేను మీదో తెచ్చిన అప్పు కావచ్చు. ఫ్లూయిడ్స్, మెటీరియల్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ గట్టిగా పట్టండి, గేట్ రాయండి. ఓఎన్‌జీసీ 2022లో ఇంజినీర్లను గేట్ స్కోరుతో తీసుకుంది. 2024 జనవరిలో ఆ సంస్థ కేజీ లోతు నీటి బ్లాకులో ఆయిల్ తీయడం మొదలుపెట్టింది.

ఉద్యోగాలు తక్కువే, నిజం. కానీ ఇదే విద్య నీటి శుద్ధి ప్లాంట్లకూ, కెమికల్ ఫ్యాక్టరీలకూ కావాలి. సబ్జెక్టు చేతిలో ఉంటే దారి ఒకటే ఉండదు.