గుడి ముందు అంగడి

గోవిందరాజస్వామి గుడికైనా, శ్రీకాళహస్తికైనా ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు జరిగే సంగతి మీకు తెలిసిందే. దర్శనం కాగానే ఆడవాళ్లు గాజుల అంగడి దగ్గరా, పిల్లలు బొమ్మల అంగడి దగ్గరా ఆగిపోతారు. బేరం తెగేదాకా కదలరు. అమ్మేవాడిది ఏ మతమని ఆ క్షణంలో అడిగేవారు అరుదు. అయితే ఆ ప్రశ్నే శ్రీశైలం వీధుల్లో పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2015లో మన రాష్ట్ర ప్రభుత్వం 426వ నంబరు జీవో జారీచేసింది. దేవాలయాల అంగళ్ల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదని అందులోని నియమం. శ్రీశైలంలో ఏళ్ల తరబడి వ్యాపారం చేసుకుంటున్న ముస్లిం దుకాణదారుల బతుకుతెరువుకు ఇది గొడ్డలిపెట్టయింది. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. 2021 డిసెంబరు 17న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, మతం ఒక్కటే కారణంగా ఎవరినీ వేలం నుంచి తప్పించరాదని ఆదేశించారు. గుడి దగ్గర మద్యం, జూదం వద్దంటే అర్థముంది గాని, పూలూ బొమ్మలూ కూడా అమ్మరాదంటే ఎట్లా అని విచారణలో ధర్మాసనం అడిగింది.

విశేషమేమంటే, రెండు పక్షాలకూ రాజ్యాంగమే ఆధారం. మతశాఖలు తమ మతవిషయాలను తామే నడుపుకోవచ్చునని 26వ అధికరణం చెబుతున్నది. మతసంస్థల పదవులను ఆ మతస్థులకే పరిమితం చేసే చట్టానికి 16వ అధికరణంలో చోటున్నది. తిరుమల దేవస్థానం కొలువులు హిందువులకేనన్న వాదనకు అండ అదే. మరి 15వ అధికరణమో, మతాన్ని బట్టి ప్రభుత్వం వివక్ష చూపరాదంటుంది. మతాచారంతో ముడిపడిన ఆర్థిక వ్యవహారాలను ప్రభుత్వం నియంత్రించవచ్చునని 25వ అధికరణం వాటిని వేరుచేసి చూపుతుంది. అర్చన మతానికి సంబంధించినది. అంగడి అద్దె ఆదాయానికి సంబంధించినది. నాకు తోచినంతవరకు ముడి విడిపోయేది ఇక్కడే.

భక్తుల కలతను కొట్టిపారవేయరాదు. క్షేత్రంలో అన్యమత ప్రచారం జరుగుతుందేమోనని వారి భయం. దానిని అడ్డుకోవడానికి 2007లోనే చట్టం వచ్చింది. ఏమి అమ్మాలో, ఎట్లా మెలగాలో ఒప్పందపత్రంలో ఎంత కట్టుదిట్టంగా రాసుకున్నా తప్పులేదు. మాట తప్పినవాడు ఏ మతస్థుడైనా సరే, ఖాళీ చేయించవచ్చు. నడతను బట్టి శిక్షిస్తే న్యాయం; పుట్టుకను బట్టి శిక్షిస్తే కాదు.

తిరుమలలో 1984లో మొదలైన అష్టదళ పాదపద్మారాధన సంగతి చూడండి. ఆ సేవకు 108 బంగారు పూలు సమర్పించినవాడు గుంటూరుకు చెందిన ముస్లిం భక్తుడు. స్వామి పాదాల దగ్గరే ఆ పూలకు చోటు దొరికింది. గుడి వీధిలో మూరల లెక్కన మల్లెపూలు అమ్ముకునేవాడికి వేలంపాటలో నిలబడే చోటివ్వడానికి మనం వెనుకాడడం ఏం న్యాయం?